రెండో వడ్డన ఏమిటో అడిగారా? పండగ రోజుల్లో ఒకే రేటు భోజనాల్లో దేన్ని ఎంచుకోవాలి

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజులూ ఊళ్లో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. వండి వండి విసిగి, ఒక పూటైనా బయట తినేద్దామనుకునేది అప్పుడే. సరిగ్గా అప్పుడే హోటళ్ల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి: పండగ థాలీ, 21 ఐటమ్స్, ఒకే రేటు. అన్‌లిమిటెడ్ బఫే. నలుగురికి బిర్యానీ జంబో ప్యాక్. శ్రీకాకుళంలో ఇదే సందడి మాఘమాసంలో, అరసవల్లి రథసప్తమికి.

ఫ్లెక్సీ మీద రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒకటి రేటు, రెండోది ఐటమ్‌ల సంఖ్య. ఎంచుకోవడానికి ఆ రెండూ అంతగా పనికిరావు. పనికొచ్చే సంగతి ఫ్లెక్సీ మీద రాయరు: రెండోసారి అడిగితే దేన్ని వేస్తారు, దేన్ని వెయ్యరు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

## ముందు చూసుకోవాల్సినవి

రెండో వడ్డన. 21 ఐటమ్‌లు ఎలా వస్తాయో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. అన్నం, పప్పు, సాంబారు, చారు, పెరుగు, మజ్జిగ, అప్పడం, ఊరమిరపకాయ, ఆవకాయ, రోటిపచ్చడి, కందిపొడి, నెయ్యి, అరటిపండు, కిళ్లీ. ఇక్కడికే 14. ఇవి మామూలు రోజుల్లో మామూలు మీల్స్‌లోనూ దాదాపు వచ్చేవే. మిగతా ఏడు: ఒక కూర, ఒక వేపుడు, పన్నీరు కూర, పులిహోర, పూరీ, స్వీటు, ఐస్‌క్రీమ్. హోటలుకి ఖర్చయ్యేది ఈ ఏడు మీదే, మీరు అదనంగా డబ్బులిచ్చేదీ వీటికోసమే. కాబట్టి "అన్‌లిమిటెడ్" అన్న మాట ఈ ఏడింట్లో ఎన్నింటికి వర్తిస్తుందో అడగాలి. జవాబు మూడు రకాలుగా వస్తుంది: ఒకటి, అన్నీ వేస్తాం; రెండు, స్వీటు, ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ; మూడు, అన్నం, పప్పు, సాంబారు మాత్రమే. మూడోది అన్‌లిమిటెడ్ కాదు, ప్లేటు మీల్స్‌కి పండగ పేరు.

బిల్లు చివరి గీత. బోర్డు మీద 299 అని ఉందనుకుందాం. నలుగురికి 1,196. మామూలు రెస్టారెంట్లలో జీఎస్‌టీ 5 శాతం, బిల్లులో రెండున్నర, రెండున్నరగా విడదీసి కనిపిస్తుంది. అది 59.80 కలిపితే 1,255.80. నీళ్ల సీసాలు వేరు. "టాక్సులు అదనం" అని ఫ్లెక్సీ అడుగున చీమంత అక్షరాల్లో ఉందేమో చూసుకోండి. కాంపోజిషన్ పద్ధతిలో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టుకునే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు వినియోగదారుడి దగ్గర జీఎస్‌టీ వసూలు చేయకూడదు. ఆ మాట వాళ్ల బోర్డు మీదా బిల్లు మీదా రాసి ఉండాలి. అందుకే ఒకే 299 రెండు హోటళ్లలో రెండు బిల్లులవుతుంది. రోజు అద్దె 7,500 రూపాయలకి పైబడిన గదులున్న హోటళ్లలో తిండి మీద 18 శాతం పడుతుంది. భోగాపురం వైపో, విశాఖ వైపో రిసార్టులో బఫేకి వెళ్లాలనుకునేవాళ్లు ఈ తేడాని ముందే కలుపుకోవాలి.

సర్వీస్ చార్జి మాట వేరు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పడితే తీసేయమని అడగొచ్చు. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. నీళ్ల సీసా సంగతి మాత్రం చాలామంది అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. హోటల్లో కూర్చుని తాగే సీసాకి ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. గొడవపడి లాభం లేదు, గ్లాసులో నీళ్లు పొయ్యమనండి.

గడియారం. మధ్యాహ్నం భోజనానికి కూరలు పొద్దున పదకొండుకల్లా దిగిపోతాయి. పన్నెండుంబావు నుంచి ఒంటిగంట దాకా కూర్చునే బంతికి వంటవాడు అనుకున్న రుచి దొరుకుతుంది. ఒకటిన్నరకి జనం మీద పడతారు, సాంబారులోకి వేణ్ణీళ్లు చేరతాయి, రెండో వాయి కూర హడావుడిలో ముక్క ఉడక్కుండానే దిగుతుంది. రెండుంపావుకి వినిపించే మాట ఒకటే: "కూర అయిపోయిందండీ, సాంబారు వెయ్యమంటారా?" రేటు మాత్రం అదే.

తినేవాళ్లెవరు. పదేళ్ల పిల్లాడూ, డెబ్బై ఏళ్ల పెద్దావిడా ఒకే రేటు కట్టి ఒకేలా తినరు. ఒకే రేటు పద్ధతి గట్టిగా తినేవాడికి లాభం, ఆ లాభం కట్టేది తక్కువ తినేవాళ్లు. బల్ల దగ్గర ఎవరెక్కువమందో చూసుకోండి.

దారి. సిరిమాను రోజున పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. మధ్యాహ్నం నుంచి మూడు లాంతర్లు, గంటస్తంభం, కోట చుట్టుపక్కల బండి కదలదు. ఆ చుట్టుపక్కల హోటల్లో తినాలంటే పన్నెండు లోపే లోపలుండాలి. లేదంటే రైల్వేస్టేషన్ వైపో, ఊరి అంచునో చూసుకోవాలి. శ్రీకాకుళంలో ఆదివారాలూ, రథసప్తమి రోజూ దర్శనం ముగిసిన జనం ఒకేసారి ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్ వైపు వస్తారు. అరసవల్లి నుంచి ఊళ్లోకి ఎంతో దూరం లేదు గానీ ఆ రోజు ఆ కొద్ది దూరానికే అరగంట పట్టొచ్చు.

## ఒక్క చూపులో

| రకం | రెండో వడ్డన | ఎవరికి లాభం | ఎక్కడ దెబ్బతింటారు |
|---|---|---|---|
| ఆకు భోజనం, ఫుల్ మీల్స్ | స్వీటు తప్ప దాదాపు అన్నీ | అన్నం బాగా తినేవాళ్లు, పెద్దవాళ్లు | ఆలస్యంగా వెళ్తే |
| ప్లేటు మీల్స్, చిన్న థాలీ | ఉండదు, లేదా అన్నం వరకే | తక్కువ తినేవాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు | అదనపు కూరకి వేరే రేటు |
| నాన్‌వెజ్ థాలీ | అన్నం, పులుసు. ముక్కలు కావు | ఒక్కరో ఇద్దరో | ముక్కల లెక్క ముందే అడగకపోతే |
| బఫే | అన్నీ | గట్టిగా తినేవాళ్లు, కాసేపు కూర్చునేవాళ్లు | పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే |
| జంబో ప్యాక్, మండీ | లేదు | కుర్రాళ్ల గుంపు | "నలుగురికి" అన్న మాట నమ్మితే |
| క్యారేజీ పార్సిల్ | లేదు | రైలు ఎక్కేవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లు | రెండు గంటలు దాటితే |

## ఆకు భోజనం, ఫుల్ మీల్స్

మన రెండు ఊళ్లలో ఒకే రేటు భోజనానికి అసలు రూపం ఇదే, మిగతావన్నీ తర్వాత వచ్చినవి. శాకాహారులకైతే దీన్ని మించింది లేదని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. మనిషికి 125 నుంచి 150 గ్రాముల బియ్యం లెక్క వేసుకుని వండుతారు. అంటే ఉడికాక నాలుగు వందల గ్రాముల దాకా అన్నం. సగటు మనిషి దాన్ని దాటడు కాబట్టే హోటలువాళ్లు అన్నాన్ని ధైర్యంగా అన్‌లిమిటెడ్ అంటారు.

రహస్యమంతా మొదటి అయిదు నిమిషాల్లో ఉంటుంది. ఆకు వెయ్యగానే పచ్చళ్లు, పొడి, కూర, వేపుడు పడతాయి. పప్పుతో, నెయ్యితో నాలుగు ముద్దలు తినేలోపు కూర బకెట్టు మీ వరస దాటి వెళ్లిపోతుంది. సాంబారు బకెట్టు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకని కూర నచ్చితే పప్పన్నం దగ్గరున్నప్పుడే రెండోసారి వేయించుకోవాలి. చారు దాకా వచ్చి "కూర తెండి" అంటే ఆ సప్లయర్ వంటింట్లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి మీరు పెరుగన్నంలో ఉంటారు.

పండగ మెనూలో పనసపొట్టు కూర గానీ, కంద బచ్చలి గానీ ఉంటే అది వంట తెలిసిన చెయ్యి అని ఒక గుర్తు. వాటిల్లో ఆవ పెడతారు. ఆవ ముద్దని పొయ్యి దించాక కలపాలి. కలిపాక మళ్లీ వేడి చేస్తే చేదెక్కుతుంది. అందువల్ల ఈ కూరలకి మొదటి బంతే మంచిది. రెండింటికి వెళ్లి తిని "చేదుగా ఉంది" అనడంలో తప్పు వంటవాడిది కాదు, గడియారానిది.

షుగరు ఉన్నవాళ్లకి ఒక మాట. మన వైపు పులుసులో, సాంబారులో బెల్లం పడుతుంది. స్వీటు వద్దనుకుని రెండు గరిటెల పులుసు పోసుకుంటే అక్కడికే చేరుతుంది. చారు, పెరుగు వైపు వెళ్లడం మేలు. కొన్నిచోట్ల చపాతీలు ఇచ్చి అన్నం తగ్గించమంటే ఒప్పుకుంటారు, అడిగితే పోయేదేం లేదు.

రథసప్తమి రోజున, కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా తినేవాళ్లు చాలామంది. "ఉల్లి లేదండి" అని హోటలువాళ్లు అనేది ఎక్కువగా కూర, పప్పు గురించే. సాంబారు, రోటిపచ్చడి, పులిహోర తాలింపు విడివిడిగా అడగండి. పచ్చట్లో వెల్లుల్లి ఉండటం మామూలు.

## ప్లేటు మీల్స్, చిన్న థాలీ

స్టీలు పళ్లెంలో గిన్నెలు, గిన్నెకి ఇంత కొలత, అంతే. చులకనగా చూస్తారు గానీ ఇద్దరు ముసలివాళ్లు, ఒక చిన్నపిల్ల ఉన్న బల్లకి ఇదే సరైనది. ఫుల్ మీల్స్ మూడు తీసుకుని సగం ఆకులోనే వదిలేసే బదులు, పెద్దవాళ్లకి ప్లేటు మీల్స్, గట్టిగా తినేవాళ్లకి ఫుల్ మీల్స్ అని కలిపి చెప్పొచ్చు. కొన్ని హోటళ్లు పండగ రోజుల్లో ఒకే బల్ల మీద రెండు రకాలు ఇవ్వవు. ఒకళ్ల ఆకులోంచి ఇంకొకళ్లు తింటారని వాళ్ల భయం. కూర్చోకముందే తేల్చుకోండి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది అదనపు గిన్నె రేటు. కూర ఇంకో గిన్నె, పెరుగు ఇంకో గిన్నె అని రెండు వేయించుకుంటే ఫుల్ మీల్స్ ధర దాటిపోతుంది.

## నాన్‌వెజ్ థాలీ

ఇందులో ఐటమ్‌ల సంఖ్య చూడటం అస్సలు దండగ. చూడాల్సింది ముక్కలు. చికెన్ కూర ఒక గిన్నె, వేపుడు ఒక గిన్నె, కోడిగుడ్డు, బిర్యానీ అన్నం చిన్న గిన్నె, మామూలు అన్నం, పులుసు, పెరుగు. ముక్కలు ఎన్నో అడగండి: కూరలో రెండా మూడా, వేపుడులో ఎముకలున్నవా లేనివా. రెండోసారి వచ్చేది అన్నం, ఇగురులోని గ్రేవీ. ఆ గ్రేవీ కూడా వెయ్యమంటే మొహం చిట్లించే చోట తినకండి.

చేప థాలీకి ఇంకో లెక్క ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. కళింగపట్నం, భావనపాడు దగ్గరుంటాయి కదా, సముద్రం చేప ఎప్పుడూ తాజాగా వస్తుందనుకోకూడదు. ఆ రెండు నెలల్లో వంజరం, చందువ అని బోర్డు కనబడితే మంచులో పెట్టినదా అని అడగడం తప్పు కాదు. దసరాకి, రథసప్తమికి ఆ బెడద లేదు. మెనూలో పేరు లేకుండా "చేపల పులుసు" అని మాత్రమే ఉంటే అది చాలావరకు చెరువు చేప, బొచ్చో శీలావతో. అవీ రుచిగానే ఉంటాయి, కానీ సన్నముళ్లు ఎక్కువ. పిల్లలకి పెట్టేటప్పుడు చూసుకోవాలి.

కార్తీకమాసంలో మాంసం తినేవాళ్లు తగ్గుతారు కాబట్టి నాన్‌వెజ్ ఆఫర్లు బాగా కనబడతాయి. రేటు తగ్గింది కదా అని సోమవారం మధ్యాహ్నం ఖాళీ హోటల్లో కూర్చోవడం తెలివైన బేరం కాదు. గిరాకీ లేనిచోట మాంసం ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులుంటుంది. అదే ఆఫరు ఆదివారం, జనం ఉన్నచోట తీసుకోండి.

## బఫే

డబ్బుల లెక్క ముందు చూద్దాం. ఈ అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికే, మీ హోటలు మెనూలోవి వేసుకోండి. నలుగురు మెనూ చూసి చెప్పుకుంటే: స్టార్టర్లు రెండు 560, బిర్యానీలు రెండు 600, ఒక కూర, ఆరు రోటీలు కలిపి 440, తియ్యటివి రెండు 200. మొత్తం 1,800, మనిషికి 450. అదే హోటల్లో బఫే మనిషికి 599 అయితే నలుగురికి 2,396. దాదాపు ఆరు వందలు ఎక్కువ. ఆ ఆరు వందల తిండి అదనంగా తినేవాళ్లు మీ నలుగురిలో ఉన్నారా? ఇద్దరైనా గట్టి తిండివాళ్లయితే బఫే. పిల్లలు ఇద్దరు, మీరిద్దరు అయితే, పిల్లలకి సగం రేటు ఇస్తేనే బఫే. ఆ సగం రేటు ఏ వయసు దాకా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఎత్తు కొలిచే చోట్లు కూడా ఉన్నాయి. ఫోనులోనే అడిగేయండి.

బఫేలో రుచిని చంపేది వరస కాదు, ఆవిరి. మూత పెట్టిన పళ్లెం కింద వేణ్ణీళ్లు, దాని కింద మంట. ఇగురు కూరలు, పప్పు, కుర్మా ఇందులో గంటైనా నిలుస్తాయి. గోబీ మంచూరియా, చేప వేపుడు, పకోడీ ఇరవై నిమిషాల్లో మెత్తబడిపోతాయి, ఎందుకంటే పైన పూసిన పిండి తేమంతా పీల్చేస్తుంది. పూరీ అయితే చల్లారిన తోలు. కాబట్టి వేపుళ్లని పళ్లెం కొత్తగా నింపినప్పుడే తీసుకోండి. వంటింటి తలుపు కనబడేచోట కూర్చుంటే ఆ పని సులువు. దోసె, ఆమ్లెట్టు అప్పటికప్పుడు వేసి ఇచ్చే బల్ల ఉంటే అక్కడ వరస ఎంతున్నా నిలబడొచ్చు.

వేడి పదార్థం 60 డిగ్రీలకి పైన ఉండాలి, చల్లటిది 5 డిగ్రీల లోపు. థర్మామీటరు పట్టుకెళ్లక్కర్లేదు. మూత తీసినప్పుడు ఆవిరి పైకి రాకపోతే, గరిటె పిడి పట్టుకుంటే చల్లగా ఉంటే, ఆ పళ్లెం వదిలేయండి. కోసిపెట్టిన ఉల్లి, కీరా ముక్కల జోలికి మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లకండి. ఐస్‌క్రీమ్‌లో ఇసకలాగ మంచు పలుకులు తగిలితే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టింది.

తినే వరస గురించి ఒక చిట్కా. సూపు, మైదా పూసిన రెండు స్టార్టర్లు, రుమాలీ రోటీ, ఇవి ముందు పెట్టేది మీ ఆకలి అక్కడే తీరాలని. బల్ల చివరికి నడిచి అంతా చూసి వచ్చి, అప్పుడు పళ్లెం తీసుకోండి. బిర్యానీ కుండ చివర ఉంటుంది. అడుగునున్న ముక్కలు అడిగితేనే పైకొస్తాయి.

## జంబో ప్యాక్, మండీ

కాలేజీ కుర్రాళ్లకి ఇదంటే ప్రాణం. నలుగురు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినడంలో ఉన్న సరదా వేరు, దానికి లెక్కలు కట్టక్కర్లేదు. కానీ డబ్బులు పంచుకునేటప్పుడు మాత్రం కట్టాలి. నలుగురు పెద్దవాళ్లకి కడుపు నిండాలంటే ఉడికిన అన్నం కిలోన్నర, ముక్కలు పన్నెండు ఉండాలి, మనిషికి మూడు. జంబో ప్యాక్ 899, అందులో ముక్కలు ఎనిమిది అనుకోండి. ముక్కకి 112 రూపాయలు పడింది. అదే హోటల్లో సింగిల్ బిర్యానీ 240, మూడు ముక్కలు. నాలుగు సింగిళ్లు 960, ముక్కలు పన్నెండు, ముక్కకి 80. అరవై రూపాయలు ఎక్కువ పెడితే నాలుగు ముక్కలు ఎక్కువ. ప్యాక్‌తో కోడిగుడ్లు, కూల్‌డ్రింక్ ఇస్తున్నామంటారు. వాటికి ఎంతో వేసుకుని మళ్లీ లెక్క చూడండి.

మండీలో (ఒకే పెద్ద పళ్లెంలో మాంసంతో వడ్డించే అరబ్బీ తరహా అన్నం) ముక్క పెద్దది, కాబట్టి లెక్క కాదు, ఏ భాగమో అడగాలి. నలుగురి పళ్లెంలో కాళ్లు రెండే ఉంటే మిగతా ఇద్దరికీ ఛాతీ ముక్కలు వస్తాయి, అవి ఎండినట్టు ఉంటాయి. అన్నం చాలకపోతే ఒకసారి అదనంగా ఇస్తారా, దానికి రేటుందా అన్నది కూర్చోకముందే తేల్చుకోండి.

## క్యారేజీ పార్సిల్

అన్నం, పప్పు, కూర, సాంబారు, చారు, పెరుగు విడివిడిగా కట్టి ఇస్తారు. కూర్చుని తినేదానికన్నా పార్సిల్‌కి రేటు ఎక్కువ పెట్టేది ఎందుకంటే రెండో వడ్డనలూ మూడో వడ్డనలూ కలిపి ఒకేసారి కట్టేస్తారు. ఒకరి భోజనమని ఇచ్చింది చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. అందుకే ఇంట్లో నలుగురుంటే మూడు చాలు, కొంచెం అన్నం ఇంట్లో పెట్టేసుకుంటే రెండు కూడా.

ఇంటి నుంచి స్టీలు క్యారేజీ తీసుకెళ్తే అందులోనే నింపి ఇస్తారు. వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం కన్నా అది నయం, దారిలో కారదు కూడా. వేడి అన్నాన్ని మూత బిగించి మూడు నాలుగు గంటలు ఉంచేస్తే పాడవుతుంది. అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కట్టించిన రెండు గంటల్లో తినేయడం మంచిది.

శ్రీకాకుళం నుంచి రైలు ఎక్కేవాళ్లకి మాత్రం హోటల్లో కూర్చునే ఆలోచన కన్నా ఇదే ఉత్తమం. స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది, పది పన్నెండు కిలోమీటర్ల దూరం. పండగ రద్దీలో నలభై అయిదు నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి. రైల్లోకైతే సాంబారు వద్దనండి. పులిహోర, పప్పు, వేపుడు, గట్టి పెరుగు చాలు. విజయనగరం స్టేషను ఊళ్లోనే కాబట్టి ఆ ఇబ్బంది లేదు, సిరిమాను రోజు తప్ప.

## మీ బల్ల ఎలాంటిది?

మూడు తరాలు కలిసి వెళ్తుంటే ఆకు భోజనం, పన్నెండున్నర లోపు. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఇంట్లో ఒకళ్లిద్దరు మాంసం లేనిదే ముద్ద ముట్టకపోతే, ఫుల్ మీల్స్‌తో పాటు విడిగా చేప వేపుడో, చికెన్ వేపుడో ఒక ప్లేటు చెప్పుకోవచ్చు, అందరికీ నాన్‌వెజ్ థాలీ చెప్పడం కన్నా తక్కువలో తేలుతుంది. శాకాహారులు అదే బల్ల మీద ఉంటే వాళ్లకి ఇబ్బందేమో ముందే అడగండి.

ఆఫీసు నుంచి వచ్చి ముప్పావుగంటలో తిరిగి వెళ్లాల్సినవాళ్లకి బఫే పనికిరాదు. ప్లేటు మీల్స్ తినేయండి.

ఊరి నుంచి పండగ చూడ్డానికి వచ్చి, రోజంతా నడవాల్సినవాళ్లు మధ్యాహ్నం జంబో ప్యాక్ జోలికి వెళ్లకపోవడం మంచిది. నూనె అన్నం తిని ఎండలో నిలబడటం కష్టం. పెరుగన్నంతో ముగిసే భోజనమే సుఖం.

పదిహేను మంది దాటితే ఫ్లెక్సీ రేటు మీకు వర్తించేది కాదు. మేనేజరుతో ఆకుకి ఇంత అని విడిగా మాట్లాడుకోవాలి. 299 బోర్డు ఉన్నచోట ఇరవై ఆకులకి బేరం ఆడొచ్చు, లేదా అదే రేటుకి స్వీటు రెండోసారి వేయించుకోవచ్చు. రెండోదే తేలిగ్గా ఒప్పుకుంటారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఆకుల సంఖ్య రెండు తక్కువ చెప్పండి. ఎక్కువ చెప్పి జనం రాకపోతే ఆ డబ్బులు వెనక్కి రావు, తక్కువ చెప్పి ఇద్దరు ఎక్కువైతే ఎలాగో సర్దుతారు. తినేశాక ఆకులు ఎత్తకముందే ఒకరు లెక్కపెట్టండి.

యాప్‌లో బల్ల బుక్ చేస్తే తగ్గింపు వస్తుంది కదా అనేవాళ్లకి: ఆ తగ్గింపు సాధారణంగా మెనూలో ఉన్న రేట్ల మీద. ఒకే రేటు పండగ మెనూకి, బఫేకి చాలాచోట్ల వర్తించదు. వర్తిస్తుందో లేదో కౌంటరు దగ్గర అడిగాకే ఆర్డరు చెప్పండి, బిల్లు వచ్చాక కాదు.

## ఫోనులో అడగాల్సినవి

ఈ అయిదు ప్రశ్నలకి రెండు నిమిషాలు చాలు. స్వీటు, వేపుడు రెండోసారి వేస్తారా? 299లో టాక్సు కలిసే ఉందా? చిన్నపిల్లలకి రేటెంత, ఏ వయసు దాకా? మీల్స్ ఎన్నింటి దాకా ఉంటాయి? ఒక ఐటమ్ అయిపోతే బదులు ఏమిస్తారు? చివరి ప్రశ్నకి తడుముకోకుండా "ఇంకో కూర వండుతామండి" అని జవాబొస్తే ఆ హోటలుకి వెళ్లొచ్చు. "అప్పటికి చూద్దాం లెండి" అంటే అక్కడికి పన్నెండు లోపే వెళ్లాలి, లేదా మానేయాలి.

లోపలికి వెళ్లేటప్పుడు గోడ మీద ఆహార భద్రత లైసెన్సు కాగితం ఉందేమో చూడండి. పద్నాలుగు అంకెల నంబరు, 2022 నుంచి బిల్లు మీదా ఉండాలి. పండగ కోసం నాలుగు రోజులు షామియానా వేసిన చోట ఇది దొరకదు. అక్కడ తినాలనిపిస్తే పొయ్యి మీద నుంచి దిగినదే తినండి, చట్నీలు వదిలేయండి.

ఎంత అనుకున్నా ఆలస్యమై మూడు దాటిపోయిందనుకోండి. అప్పుడు ఏ ఒకే రేటు భోజనానికీ వెళ్లకండి. పూర్తి రేటు కట్టి సాంబారన్నం తినడమే అవుతుంది. ఒక టీ తాగి కాసేపు ఆగితే టిఫిన్ హోటళ్లలో సాయంత్రం పెనం ఎక్కుతుంది. మొదటి రెండు దోసెలు పెనం సరిగ్గా కాగక అతుక్కుంటాయి, మూడోది అడగండి.